ఒంటిచేత్తో ఎత్తిన ఆస్పత్రి

"ముందు బొటనవేలు కదిలింది. అంతే. గొప్పలు చెప్పడం నాకు చేతకాదు, కదిలింది బొటనవేలే. కానీ ఎవరి బొటనవేలు? పక్షవాతం కొట్టిన నాటినుంచీ కుడిచెయ్యి తడిగుడ్డలా వేలాడుతున్న మనిషిది. అది చూసి పెద్ద డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది."

ఆస్పత్రి పక్కగేటుకు ఎదురుగా టీ కొట్టు. గోడవారన బల్ల మీద కూర్చుని చెబుతున్నది లేతు మేస్త్రీ. లేతు మిషను మీద ఇనుము కోసి బతికినవాడు కాబట్టి ఆ పేరే మిగిలింది. కుడిచెయ్యి శాలువా కింద ఉంది. మాటకు తగ్గట్టు ఊగుతున్నదంతా ఎడమచెయ్యే. వింటున్నవాళ్ళు టీ కొట్టాయన, కిరాయి కోసం కాచుకున్న కారు డ్రైవరు, డ్యూటీ దిగి వచ్చిన ఆయా.

"ఇంతకీ తలమీద ఏం పెట్టారు బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అయస్కాంతంరా. ఎనిమిది అంకెలా చుట్టిన తీగ, దానికి ప్లాస్టిక్ తొడుగు. కోత లేదు, కుట్టు లేదు, మత్తు లేదు. తలకు ఆనించి మీట నొక్కితే టక్ టక్ టక్‌మని వడ్రంగిపిట్ట పొడిచినట్టుంటుంది. మెదడులో మొద్దుబారిన చోటును తట్టి లేపుతుందట. ఇంకా పరిశోధనలోనే ఉంది. అందుకని మాలో సగంమందికి అసలుది పెడతారు, సగంమందికి ఉత్తిది. ఉత్తిదీ అలాగే టక్‌టక్‌మంటుంది గానీ లోపల సరుకుండదు. ఎవరికి ఏది పడిందో చివరిదాకా మాకూ చెప్పరు, పెట్టేవాళ్ళకూ తెలియదు. ఉత్తిది పడ్డవాళ్ళకి అన్నీ అయ్యాక అసలుది పెడతామని మాటిచ్చారు."

"అయితే నీకు పడింది ఉత్తిదే."

"నాకా? ఒరే, నీ కారు చక్రానికి బోల్టులు కోసింది ఈ చెయ్యి. ఫ్యాక్టరీ గేటు ముందు ఈ పిడికిలి పైకి లేస్తే లోపల మోటార్లు ఆగిపోయేవి. లాఠీలు విరిగిన తల ఇది. దీనికి ఉత్తిది పెట్టే ధైర్యం ఎవడికుంది?"

ఎవరికి ఏది పడిందో ఇవాళే చెబుతున్నారట కదా, అని టీ కొట్టాయన అడిగాడు. చెబుతున్నారు, అన్నాడు మేస్త్రీ. వినడానికి ఇంటావిడను పంపాడట. తనకు తెలిసిన సంగతి తను మళ్ళీ వినడమెందుకట.

"సరే, బొటనవేలు దగ్గరున్నాం కదా. మర్నాటికి అయిదు వేళ్ళూ లేచి కూర్చున్నాయి. పట్టు ఎంతుందో చూస్తామని చేతిలో ముల్లు తిరిగే స్ప్రింగు మీటరు ఒకటి పెట్టారు. నొక్కమన్నారు, నొక్కాను, ముల్లు తిరిగి తిరిగి గాజు పగలగొట్టుకుని బయటపడింది. ఇంకోటి తెచ్చారు, అదీ అంతే. స్టోర్సువాడు వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు, అయ్యా, ఊళ్ళో ఉన్న స్ప్రింగులన్నీ మీ చేతిలోనే పోయేలా ఉన్నాయి అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"స్ప్రింగులు దిగుమతి చేసుకున్నారు," అంది ఆయా.

"నవ్వు, నవ్వు. మిషను వేడెక్కింది. వాళ్ళు నా తలలోకి కరెంటు పంపుతున్నారా, నా తల తిరిగి మిషనులోకి పంపడం మొదలెట్టింది. వరండాలో మాడిపోయిన బల్బులు వెలిగాయి. ఆ వరండా సంగతి నీకు తెలుసు కదమ్మా. మా పక్క గదిలో మనసు జబ్బులవాళ్ళకి అదే అయస్కాంతం పెడతారు. అక్కడ ఒక బడిపంతులు ఉండేవాడు, ఏడాదిగా గోడవైపే చూస్తాడు. అన్నం ముద్ద నోట్లో పెడితే నమలడం మర్చిపోతాడు. ఇంకో పిల్ల చేతులు కడిగి కడిగి తోలు ఊడగొట్టుకుంది. నా తల దగ్గర పుట్టిన విసురు ఆ గోడ దాటి పోయింది. పంతులు లేచి హాజరు పిలిచాడు. ఆ పిల్ల చేతులు తుడుచుకుని టీ అడిగింది."

ఆయా ఈసారి నవ్వలేదు. పంతుల్ని పోయిన వారమే ఇంటికి తీసుకుపోయారని, పోయేటప్పుడూ గోడవైపే చూశాడని చెప్పబోయి, గ్లాసు నోటికి ఆనించుకుంది.

అప్పుడే మేస్త్రీ భార్య గేటు దాటి వచ్చింది. చెప్పులు ఈడుస్తూ వచ్చి బల్ల చివర కూర్చుంది. టీ కొట్టాయన గ్లాసు అందిస్తే ఊదుకుంటూ, తను తాగకుండా, మొగుడి నోటి దగ్గర పట్టింది. అతను ఒక గుక్క తాగాడు. ఆమె ముఖం వైపు మాత్రం చూడలేదు. గొంతు ఇంకొంచెం పెంచాడు.

"ఇంకో రోజు, ఈ గేటు దగ్గరే, అంబులెన్సు బురదలో దిగబడింది. లోపల మనిషి కొనఊపిరితో ఉన్నాడు. మీరంతా తాడు తెండి, పలుగు తెండి అని అరుస్తున్నారు."

"నేనా రోజు ఇక్కడే ఉన్నాను," అన్నాడు డ్రైవరు.

"ఉన్నావు, కళ్ళు మూసుకున్నావు. ఈ కుడిచేత్తో బంపరు కింద పట్టి లేపాను, లేపి అలాగే మెట్లెక్కి ఎమర్జెన్సీ గదిలో మంచం పక్కన పెట్టాను. నర్సు తిట్టింది, చక్రాలకు బురద ఉందట, తుడిపించింది కూడా. అది కూడా వదిలెయ్యి. వాన పడి పునాది కుంగిన రోజు సంగతి చెప్పనా? గోడలు నెర్రెలిచ్చాయి. పై అంతస్తులో ఆపరేషను జరుగుతోంది, ఆపడానికి లేదు, రోగుల్ని దించడానికి టైము లేదు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది, మేస్త్రీ, నువ్వే దిక్కు అంది. నేను టీ గ్లాసు పక్కన పెట్టి రోడ్డు దాటాను. మూల దగ్గర అరచెయ్యి ఆనించాను. లేపాను. మొత్తం ఆస్పత్రి. మంచాలూ, మనుషులూ, సెలైను సీసాలూ, అన్నింటితో. ఒక్క సీసా తొణికితే ఒట్టు. ఇటు తాపీవాళ్ళు పునాది పోస్తున్నారు, అటు నేను పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను, చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఉంది కానీ దానికి అలవాటు లేదు. అలా నిలబడి ఉండగా, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

డ్రైవరు పగలబడి నవ్వుతూ మేస్త్రీ భార్య వైపు తిరిగాడు. "పిన్నీ, ఇంక ఆగలేను. చెప్పెయ్. బాబాయికి పెట్టింది ఉత్తిదే కదా?"

ఆమె గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

"లేదు నాయనా. ఆయన చెప్పిందే నిజం. అసలుదే పెట్టారు."

"చూశావా, బాబాయ్ గెలిచాడు," అంటూ డ్రైవరు తొడ చరిచాడు. తర్వాత అతని చూపు శాలువా మీదికి పోయింది. దాని కింద ఏదీ కదల్లేదు. చరిచిన చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.



"సరిగ్గా అడిగావా?" అన్నాడు మేస్త్రీ.

"అడిగాను."

"వేరేవాళ్ళ కాగితం చూసి ఉంటారు. మళ్ళీ అడగాల్సింది."

"మళ్ళీ అడిగాను. పుట్టిన తేదీతో సహా చదివి వినిపించారు."

"నాది ఉత్తిదే." అతని గొంతు తగ్గిపోయింది. "ఊరికే టక్‌టక్‌మనేదే. నాకు తెలియదా? తీగచుట్ట తీసేశాక చూసినా వేలు ఎక్కడిదక్కడే పడుండేది. ఇది ఉత్తిది, అసలుది ఇంకా ఉంది అనుకునేగా రోజూ వచ్చింది."

ఆమె ఒళ్ళోని గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

"డాక్టరమ్మ ఏమంది?"

"కొందరికి పనిచేస్తోంది, కొందరికి చెయ్యట్లేదు అంది. ఎందుకో తెలుసుకోవాలంటే నీలాంటివాళ్ళ లెక్కా కావాలంది. చాలా సాయం చేశారని చెప్పమంది."

"లెక్కకి పనికొచ్చాను," అన్నాడు మేస్త్రీ.

శాలువా జారింది. ఆమె దాన్ని లాగి, బల్ల అంచున వేలాడుతున్న చేతిని తీసి అతని ఒళ్ళో పెట్టి, మళ్ళీ కప్పింది. టీ కొట్టాయన అక్కర్లేకపోయినా గిన్నె తోమడం మొదలుపెట్టాడు. ఆయా లేచి వెళ్ళాలనుకుని, లేవలేకపోయింది.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. ఇందాకటి వెటకారం అతని గొంతులో లేదు.

"బాబాయ్. ఆస్పత్రి ఎత్తి పట్టుకున్నావు కదా. అక్కడ ఆపేశావు. ఆ తర్వాత ఏమైంది?"

మేస్త్రీ రోడ్డు అవతలికి చూశాడు. భవనం ఉన్నచోటే ఉంది.

"ఏమవుతుంది," అన్నాడు. "దించేశాను."