కుడివైపు కిటికీ

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో వారం, తమ్ముణ్ణి రెక్క పట్టుకుని వెనకగదిలోకి నడిపించింది అక్క. కిటికీ దగ్గర కొత్త బల్ల, దానిమీద అతని తోలుపని సామాను పేర్చి ఉంది.

“ఎవరు చేయించమన్నారక్కా ఈ బల్ల?”

“నీ కత్తులన్నీ మంచం కింద తుప్పు పట్టాలా? కూర్చో. మందం చెక్క వేయించాను, సుత్తితో బాదినా అదరదు.”

“బాదేవాడేడీ?”

“ముందు బల్లకి వంకలు పెట్టరా.”

“పెట్టక! ఎత్తు కుదిరింది గానీ, తిప్పి వేయించావు. కిటికీ ఎడమవైపుండాలి. ఇలా కుడివైపు నుంచి వెలుగొస్తే చేతినీడ కోత మీదే పడుతుంది. పాతికేళ్లు నా దుకాణానికి వచ్చావు, ఇంతమాత్రం కనిపెట్టలేదూ?”

“కనిపెట్టాను.”

“మరి?”

అక్క ఈ మాటని వారం రోజులుగా గొంతులోనే దాచుకుంది.

“ఏ చేతి నీడరా?”

అతను ఒళ్లో చచ్చుబడి ఉన్న కుడిచేతిని చూసుకున్నాడు.

“తోలు చెక్కే కత్తికి సాన కూడా రెండో పక్క పట్టించాను. ‘ఎడమచేతి వాటం ఎవరికమ్మా?’ అన్నాడు సానవాడు.”

“ఏం చెప్పావు?”

“మా తమ్ముడికి, పని కొత్తగా నేర్చుకుంటున్నాడన్నాను.”

“వంకరటింకరగా కోస్తే నవ్వుతావు.”

“నవ్వనూ మరి? చిన్నప్పుడు నాకు మొదటిసారి చెప్పులు కుట్టావు, రెండూ ఎడమకాలివే. నవ్వలేదూ?”

“నవ్వినా, వేసుకుని తిరిగావుగా.”

“ఈసారీ తిరుగుతాను. పట్టు కత్తి.”