రెండు వందల గీత

ఆసుపత్రి గది. గుండెకు రంగుమందు ఎక్కించి యాంజియోగ్రామ్ తీసిన మర్నాడు మధ్యాహ్నం. మంచం మీద భర్త, పక్కన స్టూలు మీద మూత్రం లెక్క రాసే కాగితంతో భార్య.

“రాయవే. రెండు వందలు.”

“మళ్లీ రెండు వందలేనా?”

“కొలత మగ్గు బాత్రూంలో ఉంది, వెళ్లి చూసుకో. నలభై ఏళ్లు మెడలో టేపు వేసుకుని బతికినవాణ్ణి, కొలతలు నాకు నేర్పుతావా?”

“నేర్పడం లేదు. పొద్దున్నుంచి నాలుగుసార్లు పోస్తే నాలుగుసార్లూ రెండు వందల గీత మీదే ఆగింది. మీరు కుట్టిన జాకెట్లు కూడా ఇంత సరిగ్గా కుదిరేవి కావు.”

“వెటకారం తర్వాత. మొత్తం ఎంతయింది?”

“ఎనిమిది వందలు. ఇంకో గ్లాసు తాగండి. ఆ మందంతా కిడ్నీల్లోంచే పోవాలన్నారు. మీ కిడ్నీలు అసలే అంతంతమాత్రం అన్నారు.”

“ఇక తాగలేను. పొట్ట ఉబ్బిపోయింది.”

“అదే అడుగుతున్నా. అంత బయటికి పోతే పొట్ట ఎందుకు ఉబ్బుతుంది? కాళ్లు చూపించండి.”

“దుప్పటి తీయకు. చలేస్తోంది.”

“వేలు పెడితే గుంట పడుతోంది చూడండి.”

“పడుకుని పడుకుని వాచాయిలే. అదుగో, నర్సమ్మ వచ్చింది.”

“ఏం తాతగారూ, లెక్క బాగుందా? బాగుంటే సాయంత్రం ఇంటికి పంపేస్తారట. రక్తపరీక్షకి రేపు వస్తే చాలు.”

“బాగుందమ్మా, ఎనిమిది వందలు. కాగితం ఇవ్వవే.”

“కాస్త ఆగమ్మా. ఆ మగ్గు చూసొస్తాను.”

“అమ్మమ్మకి మీ మీద నమ్మకం లేదా తాతగారూ?”

“పెళ్లయినప్పట్నుంచీ అంతే. కాగితం స్టూలు మీదే ఉంది, మీరు తీసేసుకోండి.”

“ముట్టుకోకమ్మా. ఏవండీ, మగ్గు చల్లగా ఉంది.”

“ఉంటే?”

“ఇప్పుడేగా పోశారు. రంగు కూడా లేదు.”

“సెలైన్ ఎక్కిస్తే అలాగే ఉంటుంది.”

“సెలైన్ ఎక్కిస్తే చల్లగా కూడా వస్తుందా?”

“నీ గోల నీది. ఇంటికి పోదామంటే అడ్డం పడతావేమే?”

“నిజం చెప్పండి, పోదాం.”

“చెబితే వీళ్లేం చేస్తారు? పక్క మంచం ఆయన్ని కింద డయాలిసిస్ గదికి తీసుకెళ్లారు. వాళ్లావిణ్ణి తలుపు దగ్గరే ఆపేశారు. నిన్నంతా ఆవిణ్ణి చూసి నువ్వే ఏడ్చావు. నువ్వలా కూర్చోలేవే.”

“నేనెలా కూర్చుంటానో నేను చూసుకుంటా. ఇందులో కుళాయి నీళ్లెంత? మీదెంత?”





“రాత్రి నుంచి నాకు ఒక్క చుక్క రాలేదే.”