రీడింగులు రాసే స్టూలు

ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో లేతు మిషన్ల మధ్య ఇద్దరే నిలబడి ఉన్నారు: ఈ వారమే డిపార్ట్‌మెంట్ హెడ్‌గా చేరిన ఆమె, ఒకప్పుడు అక్కడే ఆమెకు పాఠం చెప్పిన మాస్టారు.

“శనివారం క్లాసుకి నా పేరు వేశారేంటి మేడం?”

“ఆడపిల్లలకి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకి మిషను అలవాటు చేద్దామని సార్.”

“మంచిదే. కానీ ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాణ్ణి. కుర్ర లెక్చరర్లు నేర్పుతారు కదా.”

“నేర్పేది నేను.”

“మరి నేనెందుకు?”

“మా బ్యాచ్ గుర్తుందా? మిషనుకి నలుగురం. అబ్బాయిలు ముగ్గురూ తిప్పేవాళ్లు. నన్ను మాత్రం మీరు స్టూలు మీద కూర్చోబెట్టి కొలతల రీడింగులు రాయమనేవారు. ముట్టుకుంటే వేళ్లు పోతాయనేవారు.”

“నీ చేతిరాత ముత్యాల్లా ఉండేదమ్మా. అందుకని...”

“నాలుగేళ్లూ రాశాను. ఉద్యోగంలో మొదటి రోజు టూలు బిగించమంటే చేతకాక నిలబడిపోయాను. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఇరవై రెండేళ్లయింది, ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.”

“ఆ రోజులు అలాంటివి. మనసులో పెట్టుకోకు తల్లీ.”

“పెట్టుకున్నాను. పెట్టుకునే ఈ ఉద్యోగానికి అప్లై చేశాను.”

“ఇప్పుడు నన్నేం చేయమంటావు?”

“అదిగో, ఆ స్టూలు పారేస్తామంటే నేనే ఆపాను. తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చోండి. పిల్లలు మిషను తిప్పుతూ రీడింగులు చెప్తారు. మీరు రాయండి.”

“అందరి ముందా?”

“అందరి ముందే. మిషను మాత్రం ముట్టుకోకండి సార్. వేళ్లు పోతాయి.”