పచ్చి పిడి

చాల్చాల్లే, ముందు ఆ స్టూలు మీద కూర్చో. పిడి పగిలి, తోలు కుట్టే ఆరె నీ అరచేతిలో దిగిందని నిన్న వీధంతా చాటావుగా, ఇంకా కొత్తగా నాకేం చెప్తావ్? కట్టు చూశాను. నాకూ కళ్ళున్నాయి.

చెప్పులు కుట్టేవాడివి, కొయ్య గురించి నాకు పాఠాలా! ఆ పిడితో మేకులు కొట్టావేమో ఎవడికి తెలుసు? కొట్టలేదా? సర్లే, కొట్టలేదు.

అదేమన్నా అడితిలో కొన్న కలపనుకున్నావా? గోడకి అడ్డమొచ్చిందని ఎవరో నరికేసి పొయ్యిలో పెట్టబోతుంటే నేను ఈడ్చుకొచ్చిన జామచెట్టయ్యా అది! ప్లాస్టిక్ పిడులు పట్టుకు తిరిగే మొహాలకి ఆ నునుపేం తెలుస్తుంది?

ఆఁ, ఆరితేనే! రెండేళ్ళు నీడలో ఆరాలి. నాకు చెప్తున్నావా?

మా ఇంట్లో ఒక మహాతల్లి ఉందిగా, మా కోడలు. తెచ్చిన ప్రతి దుంగ చివరా సుద్దముక్కతో తారీఖు రాస్తుంది. కొయ్యలకి పుట్టినరోజులు చేస్తుంది కాబోలు! నలభై ఏళ్ళు తరిమెన మీద కొయ్య తిప్పినవాణ్ణి. ఉలి ఆనించగానే రాలే పొట్టు చూసి చెప్పేస్తాను. ఆరింది పొడిపొడిగా రాలుతుంది, పచ్చిది రిబ్బన్లా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. దీనికి సుద్దముక్కెందుకంట?

ఏంటా నవ్వు? నీ పిడి చేసినప్పుడు ఏ పొట్టు రాలిందనా?

నోరు మూసుకుని విను. నిన్న నా గుమ్మంలో నిలబడి, ఆడదానికి తరిమెన అప్పజెప్తే ఇంతేనని ఆ పిల్లని కడిగేశావ్. నేను లోపలే ఉన్నాను. చేతిలో టీ చల్లారిపోయేదాకా అక్కడే ఉన్నాను.

పొద్దున తాపీమేస్త్రి వచ్చాడు. మీ కోడలు చేసేదైతే నా తాపీకి పిడి వద్దన్నాడు. ఆ పిల్ల పనితనం ముందు మీరెంతరా, వెధవల్లారా!

ఆ పిడి మా కోడలు చెయ్యలేదు. నేను చేశాను.

నాలుగు నెలల కిందటి తారీఖు దుంగ మీద కొట్టొచ్చినట్టు కనబడుతోంది. తుండుగుడ్డతో తుడిచేసి మరీ తరిమెనకి బిగించాను. రిబ్బన్లు కాళ్ళ చుట్టూ కుప్ప పడ్డాయి. అయినా ఆపలేదు.

ఎందుకా? ఇదిగో, చూడు ఈ చెయ్యి. ఊరికే ఒళ్ళో పెట్టుకున్నా ఎలా ఊగిపోతోందో! రెండేళ్ళాగితే కొయ్య ఆరుతుంది. అప్పటికి ఈ చెయ్యి ఉలి పట్టుకుంటుందా? ఆ చెట్టుతో ఒక్కటంటే ఒక్కటి నా చేత్తో చేసుకోవాలనిపించింది. సిగ్గులేని ఆశ.

ఆ పిల్లకి తెలుసు. తుడిచిన మరక చూసింది, నా మొహం చూసింది, నీ తిట్లన్నీ తనే తిన్నది. నేను తిననిచ్చాను.

అలా జాలిగా చూడకు, ఒళ్ళు మండుతోంది. లే. ముందు మేస్త్రి దగ్గరికి పోదాం, తర్వాత నీ షాపు ముందుకి. నిన్న నువ్వెంత గట్టిగా అరిచావో అంతకి రెండింతలు అరవాలి నేను. చేతులు పోతే పోయాయి, గొంతు బాగానే ఉంది.