మక్కచేను దాక పాట

గంగారం బస్సులో నా ముందు సీట్లో తండ్రీకూతుళ్లు కూర్చున్నారు.

“పటేలుకు తుపాకి మల్ల ఇచ్చిన్రట బాపు. నిన్న చేన్ల పట్టుకొని తిరుగుతుండట.”

“కోర్టు ఇడిసిపెట్టింది గద. అడివిపంది అనుకొని మీ అన్నను కాల్చిన అన్నడు, వాళ్లు నమ్మిన్రు.”

“అన్న అంగి మాత్రం ఇంక పోలీసులకాడనే ఉంది. అడిగితే ఇయ్యరు.”

“ఊకో. రేపు మక్కకంకులు ఇరవాలె. పోకుంటె ఎట్ల?”

“నాకు భయమైతుంది. కుక్కర్ సీటీ కొట్టినా తుపాకి పేలినట్టె ఇనిపిస్తుంది.”

“తెల్లంగి ఏసుకుంట. చేను దాక గట్టిగ పాడుకుంట పోదాం. మనుషులమని ఎరుకైతది.”

“అన్న గూడ ఆ దినం పాడుకుంటనే పోయిండు బాపు.”

ఆమెకు గాలి తగలకుండా ఆయన కిటికీ మూశాడు.

“ఎరుకే బిడ్డ. నువ్వు రేపు నా ఎన్క నడు.”