అత్తా అల్లుడూ నేసిన కంబళి

ఏంటే, ఆ కంబళిని అలా తిరగేసి బోర్లేసి చూస్తున్నావ్? కింది సగం ఒకరు, పై సగం ఇంకొకరు నేశారని పసిగట్టావా ఏం? మంచి కళ్లే నీవి. కూర్చో, చెబుతా. ముందా మేకని బయటికి తోలు, నా చెప్పులు నమిలేసేలా ఉంది. ఆఁ. పై సగం మా బావ నేశాడు. అదే, మీ తాత. పోయినవాళ్ల పేరు ఊరికే పలకకూడదు గానీ ఒక్కసారి అంటా, హస్కాన్. మళ్లీ అడక్కు. జొన్నకర్రలా ఉండేవాడు, గాలొస్తే ఊగుతాడేమో అన్నట్టు. మన మగాళ్లందరూ ఇల్లరికమే కదా, మా అక్కని చేసుకుని వచ్చి మా అమ్మ నోటికి దొరికాడు. మొహం మాత్రం దొరకలేదులే! అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే కళ్లు పోతాయని కదా మనవాళ్ల మాట. అందుకని మా అమ్మ లంగా అంచుకి చిన్న గంట కట్టుకునేది. అది గల్లుమంటే చాలు, బావ రొట్టె నోట్లో కుక్కుకుని పందిరి వెనక నుంచి ఉడాయించేవాడు. ఆవిడేమో చూడకుండానే తిట్టేది. "మీ ఆయన కంచె కట్టాడా, గొర్రెలకి తలుపు పెట్టాడా? ఒక్కోటీ దర్జాగా దాటిపోతున్నాయి" అని అక్క మీద పడేది.

ఎక్కడున్నా? ఆఁ, కంబళి. ఆ ఎండాకాలం షిప్‌రాక్ సంతలో నేత పోటీకని అమ్మ పెద్ద కంబళి ఎత్తుకుంది. అద్దకం రంగులేవీ లేవు, అన్నీ గొర్రె ఒంటి మీదున్నవే, తెలుపు, నలుపు, గోధుమ, బూడిద. మూడేళ్లుగా మొదటి బహుమతి ఆ వాగవతలి యానాబాకే. "ఈసారి ఆ బహుమతి రిబ్బను నా గోడకి" అని శపథం. సరిగ్గా సగమైంది. అప్పుడు, అమ్మ తొట్టిలో నీళ్లు పోద్దామని వంగితే మన పొట్టేలు వెనక నుంచి ఒక్కటిచ్చుకుంది. కుడి మణికట్టు పుటుక్కు! నవ్వకే. సరే నవ్వు, మేమూ నవ్వాం, ఆవిడ లేనప్పుడు. కానీ మగ్గం ముందు కూచుని, ఎడం చేత్తో దువ్వెన పట్టి పోగులు దట్టించబోతే చెయ్యి జారిపోయింది. ఏడ్చేసింది. మా అమ్మ ఏడవగా చూడ్డం నాకదే మొదలు.

రెండ్రోజులకి, నేనూ అమ్మా మందని నీళ్లకి తోలుకెళ్లి వచ్చి చూస్తే మగ్గం మీద నాలుగు వేళ్ల మేర కొత్త నేత! అమ్మ తడిమి చూసి అక్కనడిగింది. "నువ్వు కాదు. నీ నేతలో కుక్కపిల్ల దూరిపోతుంది. ఎవరు?" అక్క నేల చూపులు చూసింది. "ఆయనే. వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాట్ట. మగాడు మగ్గం ముందేంటని జనం నవ్వుతారని దాచాడు." అమ్మ మగ్గం ముందు కూచుంది. ఎడం చేత్తో ఆ నాలుగు వేళ్ల నేతా ఊడదీసి పారేసింది. "అంచు లోపలికి లాగేస్తున్నాడు. మళ్లీ నెయ్యమను" అంది. అంటే ఒప్పుకున్నట్టేగా!

ఇక చూడు సంబడం. గంట కొండవతలికి పోగానే బావ మగ్గం ముందు, గంట వినపడగానే పరుగు. ఆవిడొచ్చి తడమడం, ఊడదీయడం, అక్కచేత తెలుపూ నలుపూ కలిపి బూడిద ఊలు ఏకించి పెట్టడం. ఓ రోజు గంటలో ఊలు ఇరుక్కుని మోగలేదు. అడుగుల చప్పుడు విని బావ చివరి నిమిషంలో పారిపోయాడు. కాలికి పోగు చుట్టుకుంది, వెనకాలే ఊలు ఉండ దొర్లుకుంటూ పోయింది. ఊలు వృథా పోనిస్తుందా మా అమ్మ? తల మీంచి దుప్పటి లాక్కుని, కాళ్లకింద మాత్రమే చూసుకుంటూ పోగు చుట్టుకుంటూ వెళ్లింది. వెనక నేను, నవ్వాగక పొట్ట పట్టుకుని. పోగు ఓ జునిపర్ పొదలో దూరింది. పొదకవతల బావ, ఇవతల అమ్మ వీపు తిప్పి నిలబడింది. నేరుగా మాట్లాడకూడదాయె. "ఓ పొదా, మా అల్లుడికి చెప్పు, అంచు ఇప్పుడు తిన్నగా వస్తోంది" అంది. పొద వణికింది. అవతల నుంచి, "ఓ రాయీ, అత్తగారికి చెప్పు, బూడిద రంగులో తెలుపు ఎక్కువైంది, తగ్గించమను." అబ్బో, ఏం ధైర్యం! అమ్మ ఉండ చుట్టడం ఆపేసింది. "పొదా... తగ్గిస్తానని చెప్పు."

మొదటి బహుమతా? లేదే, మళ్లీ యానాబాకే. మాది రెండోది. ఎవరు నేశారని సంతలో పెద్దమనిషి అడిగితే అమ్మ కట్టు కట్టిన చెయ్యెత్తింది. "నాకు చేతులు నాలుగు. రెండు ఇవిగో, మిగతా రెండూ ఆ బండి వెనక దాక్కున్నాయి." జనమంతా అటు తిరిగారు. బండి కింద నుంచి బావ బూట్లు కనపడుతున్నాయి! ఆ తర్వాత ఒక్క మగాడు నవ్వితే ఒట్టు. జీను కింద వేసుకోడానికి దుప్పటి నేసిపెట్టమని వాళ్లే వచ్చేవాళ్లు. అమ్మ చెయ్యి మళ్లీ మునుపట్లా రాలేదు. పదిహేడేళ్లు ఇద్దరూ ఒకే మగ్గం మీద నేశారు. ఒక్కరోజూ పక్కపక్కన కూచోలేదు.

అమ్మ పోయాక వచ్చిన వసంతం, గొర్రెలకి ఉన్ని కత్తిరిస్తున్నాం నేనూ బావా. "మరదలు పిల్లా, ఆవిడ మొహం ఎలా ఉండేది?" అన్నాడు. నా కత్తెర ఆగిపోయింది. "మా అక్క మొహమే బావా. కాకపోతే నవ్వితే ఎడం బుగ్గ మీద సొట్ట పడేది" అన్నా. "ఆవిడ నవ్వేదా?" అన్నాడు, నిజంగా తెలీక. "నీ నేత తడిమేటప్పుడు నవ్వేది" అన్నా.

...

కాఫీ పొంగుతోంది, చూడవే.