టైల్స్ పనికి పోయినాయన

రాయదుర్గం మెట్రో పక్కనున్న బీమా ఆఫీసుకు ఆమె రావడం ఇది నాలుగోసారి. హౌస్‌కీపింగ్ యూనిఫాం విప్పకుండానే వచ్చి గుమాస్తా ఎదుట కూర్చుంది.

“అసలు పాలసీ సొమ్ము మీకు వస్తుందమ్మా. ప్రమాదంలో పోతే ఇచ్చే అదనపు సొమ్మే రాదు.”

“మా ఇంటాయన నర్సింలు రోగమొచ్చి పోలే గద సారు. పరాయి దేశంల మిసైల్ మీద పడి పోయిండు.”

“అందుకేనండి. యుద్ధం వల్ల పోతే ప్రమాదం కింద ఇవ్వరు. ఇదిగో, పదకొండో పేజీలో షరతు ఉంది.”

“ఆయన లడాయికి పోలే సారు. టైల్స్ పనికి పోయిండు.”

“తెలుసమ్మా. నా చేతుల్లో ఏముంది?”

“అక్కడ లడాయిల పోయినోళ్లకు సర్కారు ఇస్తదట. ఆయన పనిజేసిన కంపెనీవాళ్లేమో పనికాడ ప్రమాదం జరిగిందని కాయితం రాసిన్రు. గందుకని అక్కడ ఇయ్యలే. ఇక్కడేమో మీరు లడాయి అంటున్నరు. ఇగ నేను ఎవల దగ్గరికి పోవాలె?”

“ప్రమాదమని కాగితమిచ్చారా? అది మాకు చూపించలేదేమండీ?”

“మీరెప్పుడడిగిన్రు సారు?”

“ఇలా ఇవ్వండి. పైవాళ్లకు అప్పీలు రాద్దాం.”

“అస్తయా పైసలు?”

“చెప్పలేనమ్మా. రాయడమైతే రాద్దాం. ఆ వేళకి ఆయన ఏం చేస్తున్నారు?”

“బాత్రూంల గోడకు టైల్స్ అంటిస్తున్నడట.”

“ముందు అదే రాస్తాను.”

“ఇంక నాలుగే మిగిలినయట సారు. అది గూడ రాయుండ్రి.”